రాయికి పెట్టిన బొట్టు

సుబేదారిలో మా కాలేజీ స్టాఫ్‌రూములో ఏడాదికి ఒక్కసారైనా ఎవరో ఒకరు నన్ను అడుగుతారు, "మేడమ్, మీ పీహెచ్‌డీ ఏమైంది?" అని. అడిగేవాళ్లకు జవాబు తెలుసు. తెలిసే అడుగుతారు. మానుతున్న పుండును గోటితో గీకి చూసే సరదా చదువుకున్నవాళ్లకే ఎక్కువ. "రాయి అడ్డం పడింది సార్" అంటాను. ఏదో మాటవరసకు అన్నాననుకుని నవ్వుతారు. మాటవరసకు కాదు, నిజంగానే రాయి. పాలకుర్తి దగ్గర ఒక మిరపచేను గట్టున నడుమెత్తు ఉండే నల్లరాయి. దాన్ని చేజేతులా పోగొట్టుకున్నాను.

ఈ సంగతి ఇన్నాళ్లూ ఎవరికీ సరిగ్గా చెప్పలేదు. చెబితే తప్పు నాదని తేలుతుంది. తప్పు యూనివర్సిటీదని కొంతకాలం, మా గైడు సారుదని కొంతకాలం, నా తలరాతదని కొంతకాలం చెప్పుకుని గడిపాను. వాళ్ల తప్పులు వాళ్లకు ఉన్నాయి, వాటిని నేను మాఫీ చేయలేదు. కానీ రాయి దగ్గర ఆ రోజు ఉన్నది వాళ్లు కాదు.

నేను బోటనీ చెప్పే కాంట్రాక్టు లెక్చరర్‌ని. ప్రతి జూన్‌లో మళ్లీ పిలుస్తారా లేదా అని ఫోను వైపు చూస్తూ కూర్చునే జాతి. మట్టెవాడలో మగ్గం ఉన్న ఇంట్లో పుట్టాను. మా నాన్న జంపఖానాలు నేసేవాడు. మా ఇంటా వంటా లేని చదువు చదివానని ఆయన గర్వం. పీహెచ్‌డీ వస్తే పర్మనెంటు పోస్టుకు నిలబడొచ్చు, జూన్ నెల భయం పోతుంది. ఆ ఒక్క ఆశ మీదే ఉద్యోగం చేసుకుంటూ, సెలవు దొరికినప్పుడల్లా గుట్టలెక్కి తిరిగాను.

నా పని లైకెన్ల మీద. ఆ పేరు తెలియనివాళ్లు కూడా వాటిని చూసే ఉంటారు. రాళ్ల మీద, పాత గోడల మీద బూడిదరంగులోనో పచ్చటి పసుపులోనో అంటుకుని ఉండే మచ్చలు అవే. మసాలాలో వేసే రాతిపువ్వు కూడా లైకెనే. చూడటానికి ఒకే ప్రాణిలా ఉంటుంది గానీ లోపల ఇద్దరుంటారు. ఒకటి బూజు జాతిది, రెండోది నీళ్ల మీద పచ్చగా పట్టే పాచి జాతిది. బూజు చుట్టూ గోడ కట్టి తేమను నిలుపుతుంది. పాచి లోపల కూర్చుని ఎండతో చక్కెర తయారు చేస్తుంది. ఆ చక్కెర తిని బూజు బతుకుతుంది.

మా సారు దీన్ని క్లాసులో పెళ్లి అని చెప్పేవారు. భర్త ఇల్లు కడతాడు, భార్య వండి పెడుతుంది, అన్యోన్య దాంపత్యం. పిల్లలు నవ్వేవాళ్లు, రాసుకునేవాళ్లు, పరీక్షలో అదే రాసి మార్కులు తెచ్చుకునేవాళ్లు. నాకు మాత్రం నవ్వు వచ్చేది కాదు. మైక్రోస్కోపులో చూస్తే బూజు పోగులు పాచి కణాలను చుట్టుముట్టి, కదలనీయకుండా పట్టుకుని కనబడతాయి. నాకు మా ఇల్లు గుర్తొచ్చేది. సేటు నూలు ఇస్తాడు, మా నాన్న నేస్తాడు, నేసింది సేటు పట్టుకుపోతాడు. సేటు లేకపోతే మగ్గం ఆగుతుంది, మగ్గం లేకపోతే సేటు దుకాణం మూతపడుతుంది. ఇద్దరూ ఒకరి మీద ఒకరు ఆధారపడి బతుకుతున్నమాట నిజమే. దాన్ని అన్యోన్య దాంపత్యం అంటే మా నాన్న అన్నవాణ్ణి గుమ్మం దాటనిచ్చేవాడు కాదు.

అయితే నేను పట్టుకున్నది ఈ ఇద్దరినీ కాదు, వీళ్లింట్లో చప్పుడు చేయకుండా ఉండే మూడోదాన్ని. అది వైరస్. మనకు వైరస్ అంటే రోగమనే తెలుసు. లైకెన్లలోనూ వైరస్‌లుంటాయి. కొన్ని బూజులో ఉంటాయి, కొన్ని పాచిలో ఉంటాయి. వాటిలో కొన్ని మన పంటలను పాడుచేసే వైరస్‌లకు దగ్గరి చుట్టాలని వేరే దేశాల్లో చూసినవాళ్లున్నారు. చేలో ఆకును ముడిచి, కాయను గిడసబార్చి, రైతును రోడ్డున పడేసే జాతి, రాయి మీద పాచి లోపల ఎవరికీ ఏ హానీ చేయకుండా ఏళ్ల తరబడి ఉంటుంది. ఎందుకుంటుంది, ఏం తింటుంది, ఇంటివాళ్లకు ఏమైనా మేలు చేస్తుందా లేక ఊరికే పడి ఉంటుందా, ఎవరికీ సరిగ్గా తెలియదు. మన గుట్టల మీద అయితే ఎవరూ చూడనే లేదు. నేను చూద్దామనుకున్నాను. అంత చిన్నది, అంత మౌనంగా ఉండేది, దాని సంగతి మొదట తెలుసుకునేది నేనవుతానని నాకు లోపల ఒక పొగరు ఉండేది. దాచుకోవడం ఎందుకు, ఉండేది.

లైకెన్‌ను బ్లేడుతో గీకి, చిన్న ట్యూబుల్లో మందునీళ్లలో వేసి, వెంటనే మంచులో పెట్టాలి. వేడి తగిలితే లోపలిది కరిగిపోతుంది. ల్యాబులో మంచు మిషను నాలుగేళ్లుగా రిపేరులో ఉంది. అందుకని పొద్దున్నే చేపల మార్కెట్టుకు పోయి, చేపల మీద కప్పే మంచే ఒక థర్మాకోల్ పెట్టెలో నింపుకుని బస్సెక్కేదాన్ని. పక్కన కూర్చున్న ఆడవాళ్లు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "ఏం చాపలక్కా, రవ్వులా, బొచ్చెలా?" అని అడిగేవాళ్లు. "చాపలు కాదు, రాయికి పట్టిన పాచి" అంటే ఎగాదిగా చూసి సీటు మారేవాళ్లు. చేపలంటేనే మర్యాదగా ఉండేదని తరవాత తెలిసింది.

ఆ జనవరిలో పాలకుర్తి వైపు ఒక చిన్న గుట్ట కింద మిరపచేలోకి దిగాను. చేను గట్టున ఆ రాయి ఉంది. దాని ఉత్తరం వైపు, ఎండ తక్కువ పడేచోట, రెండు చేతులు పరిచినంత వెడల్పున ఒక మచ్చ, పచ్చని బూడిదరంగులో, అంచులు మడతలు మడతలుగా. ఇవి ఏడాదికి గోరంత కూడా పెరగవు. అంత మచ్చ ఉందంటే అది మా నాన్న కంటే పెద్దది, బహుశా వాళ్ల నాన్న కంటే కూడా. నేను మోకాళ్ల మీద కూర్చుని అంచు గీకుతుంటే వెనక నుంచి, "ఏం జేత్తానవ్ బిడ్డా?" అని వినబడింది.

ఆ చేను ఆమెదే. యాభై దాటిన మనిషి, తలకు తువ్వాల చుట్టుకుని, చేతినిండా మిరప ఘాటుతో నిలబడి ఉంది. నేను లేచి, "కాలేజీ పని చిన్నమ్మా, రాళ్ల మీద పరీక్ష" అన్నాను. ఆమె పెట్టె వైపు చూసింది, నా వైపు చూసింది. "రాళ్లకు గూడ పరీక్షలు వెడ్తాండ్రా! మా పోరగాండ్లకు వెట్టి సంపుతాంది సాలదా?" అని నవ్వి, తన సద్దిలోంచి రెండు జొన్నరొట్టెలు తీసి చేతిలో పెట్టింది. ఆ ఏడు చేను నిండా మిరప ముడుచుకుపోయి ఉంది. ఆకులు దొప్పల్లా పైకి తిరిగాయి. "వైరస్ బిడ్డా. ముప్పావు చేను పోయింది" అంది, ఎవరో దూరపు బంధువు సంగతి చెప్పినట్టు. నేను రొట్టె తింటూ తలూపాను. నేను వెతుకుతున్నదీ ఆ జాతి సంగతేనని ఆమెకు చెప్పలేదు. అది మొదటిసారి చెప్పకపోవడం.

మూడు రాళ్ల నుంచి తెచ్చిన ముక్కలు హైదరాబాదు ల్యాబుకు పంపించాం. రెండింటిలో ఏమీ లేదు. చిన్నమ్మ గట్టు మీది రాయిలో మాత్రం, బూజులో కాదు, లోపలి పాచిలో, మిరపను పట్టే వైరస్‌కు చుట్టమైనదాని జాడ దొరికింది. ఆ కాగితం చూసుకుని నేను ల్యాబులో ఒక్కదాన్నే ఉన్నా బయటికి వినబడేలా నవ్వాను. తరవాత అంత నవ్వు నేను నవ్వలేదు.

సారు కాగితం చూసి కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "పక్కన చేను నిండ వైరస్ ఉన్నది. నీ చెయ్యి తగిలిందో, గాలికి ఆకు రసం వచ్చి పడ్డదో, పురుగు మోసుకొచ్చిందో! ఎగ్జామినర్ మొదటి ప్రశ్ననే ఇది అడుగుతడు. కంటామినేషన్ కాదని ఎట్ల చెప్తవమ్మా?" అన్నారు.

"మరి ఏం చేయాలె సార్?"

"చేను ఖాళీ అయినంక పోవాలె. మిరప కట్టె గూడ ఉండొద్దు. నాలుగు వానలు పడి లైకెన్ మేలుకోవాలె. అదే రాయి, అదే మచ్చ. అప్పుడు గూడ ఉన్నదంటే అది దాని ఇల్లు. లేకుంటే నీ చాప్టర్ లేదు, చాప్టర్ లేకుంటే థీసిస్ లేదు. ఇంక పొడిగింపులు లేవు, దసరానే ఆఖరు."

ఆయన చెప్పింది పూర్తిగా సరైనదే. ఆయన మీద కోపం రావడానికి అదే కారణం. ఆరేళ్లు నా వెంట ఒక్క గుట్ట ఎక్కని మనిషి కుర్చీలో కూర్చుని సరైన మాట చెప్పడం కంటే ఒళ్లు మండేది ఇంకొకటి లేదు.

అంటే నాకు కావలసింది ఒక్కటే. జూన్ చివరిదాకా ఆ రాయి, దాని మీది మచ్చ, ఎలా ఉన్నవి అలాగే ఉండాలి. ఎన్నో వందల ఏళ్లు ఉన్న రాయి ఇంకో మూడు నెలలు ఉండదా? అయినా మనసు నిలవక మార్చి చివర్లో ఒక ఆదివారం చూసి వద్దామని వెళ్లాను. చేలో చివరి కోతలు కోస్తున్నారు. చిన్నమ్మ నన్ను చూసి సంబరంగా ఎదురొచ్చింది.

"మంచిగ అచ్చినవ్ బిడ్డా. ఇల్లు మొదలువెడ్తానం. పాత ఇల్లు ఇప్పేసినం. ఉగాది పోయినంక రాళ్లు గొట్టేటోళ్లు అస్తరు. గీ రాయి ఒక్కటి పగులగొడితే పునాదికి మొత్తం ఎల్తదన్నరు" అని, నా రాయి మీద చెయ్యి వేసి తట్టింది.

"అట్లనా చిన్నమ్మా" అన్నాను. ఆమె కూలివాళ్లు పిలిస్తే చేను అవతలికి పోయింది.

అప్పుడు ఒక్క మాట చెప్పి ఉండాల్సింది. ఎందుకు చెప్పలేదో చాలాసార్లు ఆలోచించాను. నాకొక కారణం ఉంది, అది పూర్తిగా సాకు కూడా కాదు. మిరప పండించే ఊళ్లలో వైరస్ అనే మాట పాము అనే మాట లాంటిది. వినగానే కర్ర వెతుకుతారు. ఆ పెద్ద జబ్బు ప్రపంచమంతా తిరిగి వెళ్లాక ఆ మాట ఇంకా చెడ్డదైంది. అంతకు ముందటి ఏడు ఇంకో ఊళ్లో ఒక పెద్దమనిషి అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పాను. వారం తిరిగి వెళ్లేసరికి ఆ బండంతా పురుగుమందు వాసన. మచ్చలన్నీ మాడి రాలిపోయాయి. "మీ గురించే కొట్టిన మేడమ్" అన్నాడు గర్వంగా. ఆ ఒక్కడితో ఊళ్లన్నిటినీ ఒకే గాటన కట్టాను. బూజు, పాచి, దాని లోపల వైరస్, ఆ వైరస్ జాడ కోసం నీ ఇంటి పునాది ఆపుకో అని ఈ మనిషికి ఏమని చెప్పేది? చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అనుకున్నాను. చెప్పి చూడకుండానే ఆమెను చెవిటిదాన్ని చేశాను.

నాకు తెలివి ఎక్కువ కదా, ఒక ఉపాయం తట్టింది. నడుచుకుంటూ పాలకుర్తి గుట్ట మెట్ల దాకా పోయాను. అక్కడ కొబ్బరికాయల దుకాణంలో పసుపు, కుంకుమ, ఒక ఊదుబత్తుల కట్ట, రెండు నిమ్మకాయలు కొన్నాను. తిరిగి వచ్చేసరికి కూలివాళ్లంతా చేను అటు చివర్న ఉన్నారు. గబగబా రాయి నెత్తిన పసుపు రాశాను, కుంకుమ బొట్లు పెట్టాను, నిమ్మకాయ కోసి అటూ ఇటూ పెట్టాను. మచ్చకు ఒక్క రేణువు తగలకుండా జానెడు పైనే పని ముగించాను. ఎంత జాగ్రత్త! రాళ్లు కొట్టేవాళ్లు బొట్టున్న రాయి మీద ఉలి పెట్టరు. ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో అడగరు. కళ్లకద్దుకుని పక్క రాయి చూసుకుంటారు. సైన్సు మాటకు ఆగనివాళ్లు బొట్టుకు ఆగుతారని బస్సులో నాలో నేనే నవ్వుకున్నాను. ఇరవై ఏళ్లు చదివిన చదువుకు, నన్ను చదివించిన మా నాన్న మగ్గానికి, అది నేను చేసిన మర్యాద.

ఆ తరవాత పరీక్షల డ్యూటీలు, పేపర్లు దిద్దడాలు. మే నెలలో ఒక రాత్రి గాలివాన వచ్చింది. మా వీధిలో రేకులు లేచిపోయాయి. నాకు రాయి గుర్తు రాలేదు. పసుపు వానకు నిలవదన్న ముక్క బోటనీ లెక్చరర్‌కు తట్టలేదు.

జూన్ చివర నాలుగు మంచి వానలు పడ్డాక, చేపల మంచు నింపుకుని బయలుదేరాను. చేలు దుక్కి దున్ని ఎర్రగా, ఖాళీగా ఉన్నాయి. ఎక్కడా మిరప కట్టె కూడా లేదు. సారు చెప్పినట్టే, అంతకంటే మంచిగా ఉంది. ఎప్పుడూ లేనిది నేను ఈల వేసుకుంటూ గట్టు మీద నడిచాను. మలుపు తిరగగానే గట్టు చివర తెల్లగా ఏదో కనబడింది.

నా రాయి. కింది నుంచి పైదాకా సున్నం. సున్నం మీద ఎర్రటి జాజు చారలు. నెత్తిన పసుపు ముద్ద, దాని మీద నూనె ధార కారి అట్టకట్టి ఉంది. పక్కన ఒక కర్రకు ఎర్రగుడ్డ కట్టి ఉంది. పగిలిన కొబ్బరిచిప్పలకు చీమలు పట్టాయి. నేను పెట్టె కింద పడేసి ఉత్తరం వైపుకు పరుగెత్తాను. మచ్చ ఉన్నచోట చేత్తో తడిమాను. సున్నం నునుపుగా, చల్లగా తగిలింది. గోటితో గీకితే సున్నం కింద రాయి వచ్చింది. మధ్యలో ఏమీ లేదు.

అక్కడే నా థీసిస్ అయిపోయింది. తరవాత దసరా రావడం, పోవడం, యూనివర్సిటీ నుంచి రిజిస్ట్రేషన్ రద్దయిందని ఒక కాగితం రావడం, అన్నీ లాంఛనాలు. సారు ఫోనులో "బ్యాడ్ లక్ అమ్మా" అన్నారు, అంతే. మిగతా రాళ్ల మీద వెతుకుదామంటే వాటిలో అది లేదని మేమే రాసి పెట్టుకున్నాం కదా. మా నాన్నకు మాత్రం, ఇంకా టైం పడుతుందని చెప్పాను. ఆయన మగ్గం ముందు నుంచి తల ఎత్తకుండా "కానియ్యి బిడ్డా" అన్నాడు.

కానీ ఆ రోజు అవన్నీ ఇంకా రాలేదు. రాయి ముందు చతికిలపడి కూర్చుని ఉన్నాను. వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందంటారు, నేను కోతిని దాచబోతే దేవత అయి కూర్చుంది. ఊరివాళ్ల మూఢనమ్మకాన్ని, వాళ్ల సున్నాన్ని, వాళ్ల కొబ్బరికాయలను నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను. బొట్టు పెట్టింది నేనన్నది పక్కకు పెట్టి మరీ తిట్టాను.

చిన్నమ్మ బోరు మోటరు వైపు నుంచి వచ్చింది. ఆమె వెనక చేను మూలన వెదురు బొంగుల మీద నీలం ప్లాస్టిక్ కవరు కట్టి ఉంది. అందులో మంచం, బియ్యం సంచులు, గిన్నెలు కనబడుతున్నాయి.

"అచ్చినవా బిడ్డా! నీ గురించే సూత్తాన ఇన్ని దినాలు. సూడు, నీ రాయి ఎట్లున్నదో. ఒక్క దెబ్బ గూడ పడనియ్యలే" అంది.

నాకు మొదట అర్థం కాలేదు. "నా రాయి ఏంది చిన్నమ్మా? మైసమ్మ వెలిసిందని అనుకుంటాన" అన్నాను, ఇంకా నాటకం వదలకుండా.

ఆమె నా పక్కన కూర్చుని తువ్వాలతో ముఖం తుడుచుకుంది. "నా కాడ గూడ గదే చెప్తవా? నువ్వు పసుపు పెడ్తాంటే నేను మోటరు కాడ ఉన్న బిడ్డా. మొత్తం సూసిన. అటు ఇటు సూసుకుంట గబగబ పెట్టినవ్. ఈ పిల్లకు గీ రాయితోని ఏదో పెద్ద అవుసరం ఉన్నది, నోరిడిచి అడుగలేకపోతాంది అనుకున్న. సదువుకున్నోళ్లకు సిగ్గెక్కువ గద."

నేను సున్నం ఇరుక్కున్న నా గోరు వైపు చూసుకున్నాను.

"గాలివానకు బొట్టంత కడుక్కపోయింది. తెల్లారి, నెల ఆల్శంగ అచ్చిన రాళ్లు గొట్టేటోళ్లు గునపాలు పట్టుకోని తయారైండ్రు. గిది మైసమ్మ అంటే నవ్విండ్రు. బొట్టేది, గుర్తేది, గుత్తకు మాట్లాడిన రాయి ఊకె ఇడువం అన్నరు. నువ్వేమో ఎప్పుడస్తవో ఎరుకలేదు. అప్పటికప్పుడు మీ చిన్నాయినను పంపి సున్నం, జాజు తెప్పిచ్చిన. పాచి మీద సున్నం నిలువదని కొబ్బరిపీచుతోని నేనే కూసోని రుద్ది రుద్ది కడిగిన. ఎంత మొండి పాచో, నా గోర్లు అరిగినయ్. ఇగ ఎవ్వడు ముట్టలే. సుక్కురారం సుక్కురారం దీపం గూడ పెడ్తాన, మళ్ల అనుమానం రావద్దని."

ఆమె అరచేతులు చాచి చూపించింది. గోళ్ల చివర్లు నిజంగానే అరిగి ఉన్నాయి. ఎన్ని తరాలుగానో రాయిని పట్టుకుని ఉన్నదాన్ని, దాని లోపల ఎవరికీ కనబడకుండా ఉన్నదాన్ని ఆ గోళ్లు ఒక్క పూటలో వదిలించాయి. నా కోసం.

"మరి నీ పునాది?" అన్నాను.

"ఏం జేత్తం? ఇంకో గుట్ట కాడికెల్లి చిన్న చిన్న రాళ్లు మోసుకచ్చినం, నేను, మీ చిన్నాయిన. అండ్లనే నెల పోయింది. వానలు మొదలైనయ్, గోడలు లేవకపాయె. ఈ కాలం గీ కవరు కిందనే. పోనియ్యి, దసర దాక ఎట్లనో ఎల్లదీత్తం" అని నవ్వింది.

అప్పుడు నాకు ఏడుపు వచ్చింది. చాప్టరు కోసం కాదు. నేనెందుకు ఏడుస్తున్నానో తెలియక ఆమె నా వీపు నిమిరింది. నేను రాయి సంగతి కొంచెం చెప్పాను. పూర్తిగా కాదు. ఈ రాయిలో మీ మిరపకు వచ్చే వైరస్ లాంటిదే ఉంటుందని, అది అక్కడ ఎవరికీ నష్టం చేయదని, దాన్నే చూస్తున్నానని, చెబితే భయపడి మందు కొడతావని చెప్పలేదని అన్నాను. ఆమె ఆశ్చర్యపోతుందనుకున్నాను.

"గింతేనా? వైరస్ మా చేన్లకు ఏటేటా అస్తది బిడ్డా. పిల్వకున్న అస్తది. రాయిల పండుకున్నదాన్ని లేపి మందెందుకు కొడ్త? అడుగందే అమ్మన్న పెట్టది అంటరు. జూన్ దాక ఆగు చిన్నమ్మా అంటే ఆగకపోదునా? పునాది జరంత ఎన్కకో ముందుకో. నన్ను ఒక్క మాట అడుగకపోతివి."

ఆమె గొంతులో నిష్ఠూరం కూడా లేదు. ఉంటే బాగుండేది. ఆమె తిట్టి ఉంటే నేను ఇంటికి వచ్చి ఆమెనూ యూనివర్సిటీ, సారు పక్కన నా లిస్టులో రాసుకునేదాన్ని.

"సరే తియ్యి, అయిపోయినదానికేంది. రాయి మంచిగనే ఉన్నది గద. నీకేం గావాల్నో తీస్కపో" అంది. తనే లేచి, కొబ్బరిచిప్పలు పక్కకు జరిపి, ఎర్రగుడ్డ కర్ర పీకి గట్టుకు ఆనించి, నేను కూర్చోవడానికి చోటు చేసింది. మోటరు దగ్గరి నుంచి చెంబుతో నీళ్లు తెచ్చి పెట్టింది. చేతులు కట్టుకుని చూస్తూ నిలబడింది.

ఆమె రుద్దిందే నాకు కావలసినదని ఇంకా చెప్పలేదు. చెప్పడానికి నోరు తెరిచాను. ఆమె వెనక నీలం కవరు గాలికి పటపటా కొట్టుకుంటోంది, దాని చూరు నుంచి పొద్దుటి వాన నీళ్లు ఇంకా కారుతున్నాయి. నోరు మూసుకున్నాను. పెట్టె తెరిచి, చేతులకు గ్లౌజులు తొడుక్కుని, కొత్త బ్లేడు విప్పి, ఉత్తరం వైపు మోకాళ్ల మీద కూర్చున్నాను. మచ్చ ఉన్నచోట సున్నం గీకి ట్యూబులో వేశాను. మూత బిగించి మంచులో గుచ్చాను. రెండోది కూడా నింపాను. మూడోది కూడా. ఒక్కొక్క దాని మీద తేదీ రాశాను.

"దొరికిందా బిడ్డా?" అని అడిగింది.

"దొరికింది చిన్నమ్మా" అన్నాను.

ఆమె ముఖం విప్పారింది. "ఇగ గంతే గద" అని, కొంగు నడుముకు దోపుకుని, నాకు చాయ పెట్టడానికి వంగి కవరు కిందికి వెళ్లింది.